కళ్ళు తీసిన పన్నెండు

బేబీ ఆంటీ కత్తెర కొసతో రొయ్య కన్ను ఒకటి తుంచి, పక్కన పరిచిన పేపర్ మీద వేసింది. తర్వాత రెండోది. ఆ తర్వాతే తల విరిచింది. ఆమెకు ఎదురుగా కూర్చుని నేను తలలు కళ్ళతో సహా విరిచి పారేస్తున్నాను. పొద్దున్నే బేగంబజార్ చేపల మార్కెట్ నుంచి తెచ్చిన కిలో రొయ్యలు మా మధ్య గిన్నెలో ఉన్నాయి.

శాలిబండలో ఆంటీ ఇంటి పైగదిలో అద్దెకు దిగి ఏడాదైంది. కింద ఆంటీ చీరలకు ఫాల్, పీకో కుడుతుంది. ప్రతి ఆదివారం ఇద్దరం ఇలా కూర్చుని రొయ్యలు ఒలుస్తాం. వారం నుంచి మాత్రం ఆంటీ నాతో మాట్లాడటం లేదు. నాకు వినబడేటట్టు గిన్నెలతో మాట్లాడుతోంది.

ఏదో ఒక మాట కలపాలని అడిగాను. "తల ఎలాగూ పారేస్తాం కదా ఆంటీ, ముందుగా కళ్ళెందుకు తీయడం?"

ఆంటీ నా వైపు చూడలేదు. చేతిలోని రొయ్యకే చెప్పింది. "నన్నే చూస్తున్నయ్. చచ్చి గూడ చూస్తున్నయ్. గట్ల చూస్తుంటే మెడ ఎట్ల విరుస్త?" తర్వాత గిన్నెకు చెప్పింది. "అయినా నా కిచెన్ల రోగాలు ఉన్నయట. రోగాల చేతులతోని ఒలుస్తున్న. తినేటోళ్ళు సోంచాయించుకోని తినాలె."

ఆ మాట అన్నది మా సారు. ఆంటీ దాకా మోసింది నేను. అందుకే ఈ లొల్లి.

నేను రొయ్యల రోగాల మీద పరిశోధన చేస్తున్నాను. ఉప్పుటేరు పక్కన మా ఊళ్ళో పెదనాన్న కొడుకు క్రాంతి అన్నయ్య చెరువులో రొయ్యలు చచ్చి తేలడం మొదలైనప్పుడు, నలభై రెండు రొయ్యలు ఐసు పెట్టెలో పెట్టి బస్సులో పంపాడు. ఆ రోజు వాన. ఇమ్లీబన్ బస్టాండు నుంచి ల్యాబ్ దాకా రోడ్లన్నీ నీళ్ళు. పెట్టెలో ఐసు కరిగిపోతోంది. ఇక్కడికే తెచ్చి, నా దగ్గరున్న పన్నెండు స్పిరిట్ సీసాల్లో పన్నెండు తలలు వేసి, మిగతా ముప్పై పెట్టెలోనే ఉంచి కొత్త ఐసు పోశాను. ఆ ముప్పై మర్నాడు ల్యాబ్‌లో కోశాను.

పరీక్షలో రెండు విషయాలు తేలాయి. ఐసులోని ముప్పై రొయ్యల నుంచి గాజు పళ్ళెంలో పెంచి చూస్తే, విబ్రియో అనే బ్యాక్టీరియా అన్నింట్లో ఉంది. యంత్రంలో చూసిన తెల్లమచ్చ వైరస్ మాత్రం ల్యాబ్‌లో కోసిన ముప్పైలో ఒక్కదాంట్లోనూ లేదు. ఇంట్లో కోసిన పన్నెండింట్లోనూ ఉంది.

సారు గోపాలకృష్ణమూర్తి గారు తొందరపడే మనిషి కాదు. కాగితాలు రెండుసార్లు చూశారు. "ఒకే చెరువు, ఒకే పెట్టె. తేడా మీ వంటిల్లు ఒక్కటే. వారం వారం మార్కెట్ రొయ్యలు ఒలిచే చోటు. అక్కడి వైరస్ అంటుకుని ఉంటుంది. ఆ పన్నెండూ తీసేయ్," అన్నారు. ఆ పన్నెండూ తీసేశాను. వైరస్ లేదు, బ్యాక్టీరియా మాత్రమే అని రిపోర్టు రాశాను. ఆయన సంతకం చేశారు. అన్నయ్యకు పంపాను.

బ్యాక్టీరియా అయితే చెరువు నీళ్ళు కాలువలోకి వదిలేసి, ఎండగట్టి, మళ్ళీ రొయ్యపిల్లల సీడు వేసుకోవచ్చని మా వైపు రైతుల లెక్క. వైరస్ అయితే చుక్క నీరు బయటికి పోకూడదు. తూము మూసి, చెరువులోనే బ్లీచింగ్ కొట్టి, వైరస్ చచ్చేదాకా నీళ్ళు ఆపాలి. ఎందుకంటే ఆ కాలువ నీళ్ళే కింద ఉన్న చెరువులన్నీ తోడుకుంటాయి. అన్నయ్య రేపు సోమవారం పొద్దున, నీరు సముద్రం వైపు తీసే వేళ చూసి తూము ఎత్తుతానన్నాడు.

పేపర్ మీద కళ్ళు కుప్పగా ఉన్నాయి. నల్లపూసల్లా. ఏడాదిగా చూస్తున్నాను వాటిని.

నా చేతిలో రొయ్య అలాగే ఉండిపోయింది.

"ఆంటీ, ఆ వాన రోజు సీసాల్లో వేసిన తలలకు కూడా కళ్ళు తీశారా?"

ఆ రోజు నేను ఐసు కోసం మూల దుకాణానికి పరిగెత్తాను. తలలు కోసి సీసాల్లో వేసింది ఆంటీనే.

ఆంటీ కత్తెర కింద పెట్టింది. వారం తర్వాత మొదటిసారి నా మొహం చూసింది. "తీసిన. ఏంది, గది గూడ నా తప్పేనా? కళ్ళు గావాలంటే ముందే చెప్పొద్దా?"

"అన్నింటికీ తీశారా?"

"పన్నెండింటికి తీసిన. ఇరవై నాలుగు. లెక్కబెట్టుకోపో."

చేతులు కడుక్కుని లేచాను. పిల్ల రొయ్యల్ని పరీక్షించేటప్పుడు కళ్ళు తీసేయాలని ఎప్పుడో చదివాను. కంట్లోని నల్లటి పదార్థం పరీక్షను పనిచేయనీయదు. వైరస్ ఉన్నా యంత్రం ఏమీ లేదన్నట్టే చూపిస్తుంది. పెద్ద రొయ్యలకు మొప్పలు తీసుకుంటాం కాబట్టి ఆ మాట పక్కన పెట్టాను. అన్నయ్య పంపినవి నలభై రోజుల రొయ్యలు, చిన్నవి. తల మొత్తం నూరాను, మా అమ్మ నేర్పినట్టు కళ్ళతో విరిచిన తల. స్పిరిట్‌లో పాలిపోయిన ఆ పన్నెండు తలలకు కళ్ళు లేవని చూసుకోలేదు. మా ఊళ్ళో రొయ్య తాజాదో కాదో కళ్ళు చూసే చెప్తారు. వాటిని తీయాలని ఎవరికీ తోచదు.

ల్యాబ్ గేటు దగ్గర వాచ్‌మన్ సాయిలు తాళాలు ఆడిస్తూ నవ్వాడు. "ఆదివారం నాడన్న చికెన్ తినొద్దా మేడం? రొయ్యలు నిన్ను ఇడుస్తలేవు."

ముప్పై రొయ్యల కడుపు కింది ఈత కాళ్ళు విడిగా స్పిరిట్‌లో దాచి ఉంచాను. వాటిలో పది రొయ్యలవి తీసుకున్నాను. ఆ రొయ్యల మీద కత్తెర పడింది ల్యాబ్‌లోనే, ఆంటీ వంటింట్లో కాదు. ఆంటీ కోసిన పన్నెండులో మిగిలిన ముక్కను రెండు భాగాలు చేశాను. ఒక భాగం ఉన్నది ఉన్నట్టు. రెండో భాగంలో ఇంట్లో పేపర్ మీద నుంచి తెచ్చిన రొయ్య కళ్ళు రెండు వేసి నూరాను. యంత్రంలో పెట్టి, ఎదురుగా స్టూలు మీద కూర్చున్నాను. అన్నయ్యకు నాలుగుసార్లు ఫోన్ చేశాను. చెరువు గట్టు మీద ఉంటే సిగ్నల్ ఉండదు.

నాలుగున్నరకు ఫలితం వచ్చింది. పది రొయ్యల కాళ్ళలో తొమ్మిదింట్లో వైరస్. ఆంటీ కోసిన ముక్కలో వైరస్. అదే ముక్కలో కళ్ళు కలిపితే ఏమీ లేదు. ఖాళీ.

సారుకు ఫోన్ చేసి చెప్పాను.

"ఆ రిపోర్టు మీద సంతకం నాది, సుధా."

"రాసింది నేను సార్."

"రేపు ల్యాబ్‌లో ఇద్దరం కలిసి ఇంకోసారి చేద్దాం. అప్పటిదాకా ఎవరికీ చెప్పకు."

"రేపు పొద్దున తూము ఎత్తుతారు సార్."

ఫోన్లో ఎవరో టీ తాగమంటున్నారు ఆయన్ని. "నీళ్ళు ఆపమను. కారణం తర్వాత చెప్తామను."

"కారణం చెప్పకపోతే ఆపరు సార్," అన్నాను. ఆయనతో ఎదురు మాట్లాడటం అదే మొదటిసారి. ఆయన సరేననలేదు, వద్దనలేదు. ఫోన్ పెట్టేశారు.

ఇంటికొచ్చేసరికి ఆంటీ మిషను మీద ఉంది. పిన్నులు నోట్లో పెట్టుకుని కనుబొమలు ఎగరేసింది, ఏమైందన్నట్టు.

"మీ వంటింట్లో ఏ రోగమూ లేదు ఆంటీ. మీరు కోసినవే సరిగ్గా ఉన్నాయి. తప్పుగా కోసింది నేను."

ఆంటీ పిన్నులు ఒక్కొక్కటే తీసి డబ్బాలో వేసింది. "మీ సారుకు చెప్పినవా?"

"చెప్పాను."

"గాయనను ఒకసారి భోజనానికి పిలువు. మస్తు పులుసు చేస్త. గాయన ప్లేట్ల మాత్రం కళ్ళతోనే వేస్త. చూసుకుంట తినాలె."

నవ్వబోయాను. అప్పుడే అన్నయ్య ఫోన్.

అంతా చెప్పాను. అన్నయ్య అడిగాడు.

"వారం కింద వైరస్ లేదన్నది ఎవరే?"

"నేనే."

"ఇప్పుడు ఉందంటున్నది?"

"నేనే అన్నయ్యా."

"బానే ఉంది. నా తూమంటే ఆపుకుంటాను. పక్కన పదకొండు చెరువులకీ రొయ్య తేలుతోంది. వాళ్ళందరికీ నీ రిపోర్టు జెరాక్సు తీసి పంచింది నేనే. మా చెల్లి చదువుకుంది, మా చెల్లి చెప్పింది అని. రేపు అందరం కలిసి వదులుదామనుకున్నాం. ఇప్పుడు నేను పోయి కాదంటే, ముందు కాలర్ పట్టుకుంటారు."

"ఎవరు చెప్తే వింటారు?"

"ఫోన్లో ఎవరు చెప్పినా వినరు. రాసినోళ్ళు వచ్చి ఎదురుగా నిలబడాలి."

"తూములు ఎన్నింటికి?"

"తొమ్మిదింటికి."

మా ఊరి బళ్ళో మాస్టారు ప్రశ్న అడిగితే, జవాబు తెలిసినా నేను లేచేదాన్ని కాదు. నోటుపుస్తకం చివరి పేజీలో రాసి పక్కమ్మాయికి చూపించేదాన్ని. ఆమె లేచి చెప్పేది. పదో తరగతి దాకా అలాగే గడిచింది.

"రాత్రి ఏడున్నర బస్సుకి వస్తున్నా," అన్నాను. "తెల్లారేసరికి దిగుతాను. అందరినీ గట్టు మీదికి పిలువు."

"వచ్చి ఏం చెప్తావ్?"

"తప్పు రాశానని చెప్తా. ఎలా తప్పో చూపిస్తా. నీళ్ళు ఆపమంటా."

"తిడతారే."

"తిట్టనీ. తూములు ఎత్తకుండా తిడితే చాలు."

అటువైపు అన్నయ్య గట్టిగా ఊపిరి వదిలాడు. "మీ వదినని కాఫీ ఫ్లాస్కులో పోయమంటాలే. ఒక్కదానివే గట్టు మీదికి రాకు, నేను స్టాండు దగ్గరుంటా."

పైకెళ్ళి సంచి సర్దుకున్నాను. పాత రిపోర్టు, ఇవాళ్టి ఫలితాల కాగితం, రెండు జతల బట్టలు. ఒక ఖాళీ సీసాలో స్పిరిట్ పోసి, పొద్దున పేపర్ మీద మిగిలిన కళ్ళలో నాలుగు అందులో వేసి మూత బిగించాను. రైతులకు కాగితం కంటే ఇవి త్వరగా అర్థమవుతాయి.

మెట్లు దిగుతుంటే బయట వాన మొదలవుతోంది. ఈ వేళప్పుడు, అందులోనూ వానలో, మా గల్లీలోకి ఆటో రాదు. మెయిన్ రోడ్డు మీదికి పోయి బేరమాడాలి. నాకు బేరం రాదని ఆంటీకి తెలుసు. మిషను చప్పుడు ఆగింది.

"ఆంటీ, వెళ్ళొస్తాను. బుధవారానికి వచ్చేస్తా," అన్నాను.

ఆంటీ ఒళ్ళోని చీర మడిచి పక్కన పెట్టింది. చెంగు తల మీదికి లాక్కుంది. నా చేతిలోని సంచి తీసుకుని భుజాన వేసుకుని, చెప్పులేసుకుని, గేటు తీసి వానలోకి వెళ్ళింది.