అమ్మ ఒళ్ళో పెట్టిన ముంత

“మా అమ్మ ఒళ్ళోంచి నా బిడ్డను గుంజుకొని కల్లుముంత పెట్టింది నువ్వే గద! పెట్టుమన్నది ఆ మిషను తెల్లదొర. ఇద్దరు గలిసి బతికున్న మనిషిని దయ్యాన్ని చేసిన్రు. గిది ఏ వాక్యంల ఉంది? చెప్పు!”

మిషను బోధకుడు బాలస్వామి అయిజ ఊరిచివరి గేరిలో రెండు గుంజల మధ్య తెల్లగుడ్డ కడుతున్నాడు. నోట్లో తాడు పట్టుకున్నవాడు పెళ్ళానికి జవాబు చెప్పనక్కరలేదు. ముడి బిగించాక మాత్రం మెల్లగా అన్నాడు. “జనం ఇంటరు, ఎస్తేరూ. దొర చెవుల పడితే మన బతుకు ఆగమైతది.”

ఎస్తేరమ్మ చేతిలో పాతచీర పేలిక ఉంది. బొమ్మలు వేసిన గాజుపలకలు తుడవడం ఆమె పని. గుడ్డమీద ఆ బొమ్మలు పడేసే లాంతరులో గ్యాసునూనె పోయడం, ఒత్తి కత్తిరించడం, గద్వాల నుంచి ఆ పెట్టెను నెత్తిన మోయడం, మొగుడు వాక్యం చెబుతుంటే వెనక చీకట్లో నిలబడి కాలుతున్న రేకుచట్రంలో గాజుపలకలు మార్చడం కూడా ఆమె పనే. గాజును తలకిందులుగా పెడితేనే గుడ్డమీద బొమ్మ నిలువుగా పడుతుందని వేళ్ళు కాల్చుకొని నేర్చుకుంది. జీతం బాలస్వామిది. అయ్యగారూ అన్న పిలుపూ అతనిదే. “నీకేం కష్టం? గాజులు జరుపుడేనాయె. గొంతు పోయేది నాది” అంటాడు ఇంటికొచ్చి, వేడినీళ్ళు అడుగుతూ.

ఇవాళ పెట్టెలో కొత్త గాజుపలక ఒకటి ఉంది. మద్రాసులో రంగులేసి పంపారు. తుడుద్దామని పొద్దుకు ఎదురుగా పట్టిన ఎస్తేరమ్మకు గాజులో తల్లి ఈదమ్మ కనబడింది. జుట్టు విరబోసుకొని ఉంది. కళ్ళకు ఎర్రరంగు పులిమారు. ఒళ్ళో కల్లుముంత. పొద్దున్నుంచి బాలస్వామి గొణుగుతూ వల్లెవేస్తున్న మాటలు ఎవరి గురించో అప్పుడు అర్థమైంది. తాగి బిడ్డను బజార్లో వదిలేసిన తల్లి, ఆ బిడ్డను కడిగి చదివించిన మిషను.

ఈదమ్మ ఏ బజార్లోనూ వదల్లేదు. తనకు లేని చదువు బిడ్డకు రావాలని జములమ్మగా పుట్టిన పిల్లను చంకనెత్తుకొని అయిజ నుంచి గద్వాల మిషను బడికి నడిచింది. ఆ బిడ్డ బాప్తిస్మం పొంది ఎస్తేరమ్మ అయినా, తాను మాత్రం పాత దేవతలతోనే ఉంటానంది. బిడ్డ బాలింత అయిందని తెలిసి మళ్ళీ అంతదూరం నడిచొచ్చింది. గుడ్డలుతికి, పసిదానికి నీళ్ళుపోసి, తాను తలంటుకొని, మనవరాలిని ఒళ్ళో వేసుకొని ఎండలో జుట్టు ఆరబెట్టుకుంటుండగా దొర ఫోటోపెట్టె తెచ్చాడు. గదిలో పడుకున్న ఎస్తేరమ్మకు మాటలు మాత్రం వినబడ్డాయి.

“అత్తా, నవ్వకు.”

“ఎందుకల్లుడా, పండ్లు లేవనా?”

బాలస్వామి పసిదాన్ని తెచ్చి ఎస్తేరమ్మ పక్కలో వేశాడు. బయట ఏం జరిగిందో తర్వాత ఈదమ్మే మురుస్తూ చెప్పింది. “పిల్ల కదులుతది, బొమ్మ చెడుతదంట బిడ్డా. అందుకే పిల్ల జాగల ఒక ముంత పెట్టిన్రు. దొర తన ఫోటోపెట్టెల ముంత తీసేసి పిల్లను పెడ్తడంట. అల్లుడు చెప్పిండు.”

అల్లుడు చెప్పాడు కాబట్టి నమ్మింది. అప్పటి నుంచీ కనబడినప్పుడల్లా అడిగేది, నా బొమ్మ వచ్చిందా అని. ఇవాళ వచ్చిందని ఎవరో చెప్పారు. గేరంతా తిరిగి అందర్నీ పిలిచింది.

“పై దేశంల యుద్ధమాయె. పైసలు వచ్చుడు తగ్గె” అంటున్నాడు బాలస్వామి. “దొర దేశానికి గూడ పంపిన్రు, ఆడ పైసలిచ్చేటోళ్ళు చూసి కండ్లనీళ్ళు పెట్టుకునేటట్టు ఉండాలె బొమ్మ. లేకుంటే బడి మూస్తరు, నా కొలువు పోతది. అప్పుడు నువ్వు, నీ బిడ్డ ఏం తింటరు? మట్టా?”

మట్టే తినాల్సి వస్తుందేమో. కానీ ఎస్తేరమ్మను అంతకన్నా పెద్ద భయం ఇంకొకటి పట్టుకుంది. బడిలో చదివేటప్పుడు ఇలాంటి తెల్లగుడ్డ మీదే మేకులు దిగిన పాదాలను చూసి వెక్కివెక్కి ఏడ్చింది. గింజల కోసం మిషనులో కలిశారని ఊరు అంటుంది గానీ, ఆమె కలిసింది ఆ పాదాల కోసం. ఇప్పుడు ఇదే దీపం, ఇదే గుడ్డ. ఈదమ్మతో రోజూ కోతకు పోయే ఆడవాళ్ళు ముందు ఈ ముంతను చూస్తారు. తర్వాత సిలువ వస్తుంది. “గీ బొమ్మ గూడ గట్లనే అబద్ధంగ దించిన్రా?” అని ఒక్కతి అడిగితే ఏం చెప్పాలి? దీపానికి పాపం లేదు. అబద్ధాన్నీ నిజాన్నీ ఒకే వెలుగుతో గుడ్డమీద పడేస్తుంది. ఏ గాజు పెట్టాలో తెలియాల్సింది చేతికి. ఆ చెయ్యి తనది. ప్రభువా, ఈ చేత్తోనే మా అమ్మను చంపాలా?

ఇంతలో ఈదమ్మ వచ్చింది. నూనె పెట్టి దువ్విన తల, ఉతికిన చీర, చంకలో మనవరాలు, వెనక గేరి ఆడవాళ్ళు.

“జరుగున్రే, ముందల కూసుంట. నా మొకం నాకు కనబడాలె.”

“గుడ్డ మీదికెక్కినంక ఇగ మాతోని కోతకు వస్తవా, ఈదక్కా?” అంది కిష్టమ్మ.

“వస్త తియ్యి. మొకమే గద ఆడికి పోయేది, చేతులు ఈడనే ఉంటయ్.”

అందరూ పకపకా నవ్వారు. అప్పుడే వచ్చి కుర్చీలో కూర్చున్న దొర కూడా, తెలుగు అర్థమై నవ్వాడు. పొద్దు గూకింది.

“దీపం ముట్టియ్యి” అన్నాడు బాలస్వామి పళ్ళ మధ్య నుంచి. “మెత్తగ చెప్త తియ్యి. ఆమెకేం తెలుస్తది? చూసి మురుస్తది.”

ఆ మాటతో ఎస్తేరమ్మకు గాజును నేలకేసి కొట్టాలనిపించింది. కొడితే ఏమవుతుంది, మద్రాసులో ఇంకొకటి చేయిస్తారు. అగ్గిపెట్టె కొంగున ముడేసుకొని, లాంతరు వెనక నుంచి ముందుకు వచ్చి, దొర కుర్చీకి ఎదురుగా నిలబడింది. “ఎస్తేరూ!” అని మొగుడు రెక్క పట్టుకుంటే విదిలించుకుంది.

“దొరా, నీకు తెలుగు వస్తది, ఇను. మా అమ్మ తాగుబోతు గాదు. నన్ను యాడ వదలలే. గీ గాజు అబద్ధం. మీ దేశానికి పోయిన బొమ్మ గూడ అబద్ధమని నువ్వే రాసి పంపాలె. రేపు పొద్దుగాల నీ ఫోటోపెట్టె ఈడికే తే. మా అమ్మ నవ్వుతది. ఒళ్ళో నా బిడ్డ ఉంటది. కదిలితే కదలనియ్యి, గట్లనే దించు. అది తెల్లగుడ్డ మీద పడేదాంక ఈ దీపం నేను ముట్టియ్య, ఎవ్వల్నీ ముట్టియ్యనియ్య!”