రోగం కాదు, రుగ్మత

లక్ష్మీదేవమ్మ నోట్లో రోగం అనే మాటకు తీరిక ఉండేది కాదు. పాలు ఎగబెట్టే గేదెకు రోగం, నడిమధ్యలో ఆగిపోయే బోరు మోటారుకు రోగం, పొద్దెక్కి లేచే మనిషికి మరీ పెద్ద రోగం. కొమరోలు పక్కన ఆ పల్లెలో ఆమె తిట్టని మనిషి లేడు. అలాగని ఆమె మీద పగబట్టిన మనిషీ లేడు. పట్టాల్సి వస్తే కోడలు స్రవంతి ఒక్కతే పట్టాలి. పాపం, ఆ పిల్లకు పగబట్టే ఓపిక కూడా లేకపోయింది.

కాన్పయి పుట్టింటి నుంచి తిరిగొచ్చినప్పటి నుంచి స్రవంతి మంచం దిగడం లేదు. బిడ్డ గుక్కపట్టి ఏడుస్తుంటే గోడకేసి చూస్తూ తానూ ఏడ్చేది. ఎందుకే అంటే తెలియదనేది.

"ఏం రోగమే నీకు? తిండి లేదా, గుడ్డ లేదా? లోకంలో నువ్వొక్కదానివే బిడ్డను కన్నావా?" అని లక్ష్మీదేవమ్మ పొద్దున్నే మొదలుపెడితే పొయ్యి ఆరేదాకా ఆపేది కాదు.

కొడుకు మహేష్ మెతక మనిషి. తల్లికి ఎదురు చెప్పలేక, పెళ్ళాన్ని అలా చూస్తూ ఊరుకోలేక, చివరికి మార్కాపురంలో డాక్టరుకు చూపిస్తానన్నాడు. "ఏ రోగం లేదని ఆ డాక్టరే చెప్తాదిలే, అప్పుడన్నా లేస్తాది" అని లక్ష్మీదేవమ్మ కూడా బస్సెక్కింది.

డాక్టరు సుప్రియ చిన్న వయసు మనిషి. స్రవంతితో చాలాసేపు మాట్లాడింది. ఇంగ్లీషు పేరు చెబితే పల్లెటూరి వాళ్ళు బెదిరిపోతారనుకుని తెలుగులో చెప్పింది.

"ఇది కాన్పు తర్వాత వచ్చే మానసిక రుగ్మత. మందులు రాస్తాను. మందుల కంటే ముందు ఈమెను నిద్రపోనివ్వాలి, మాటలతో పొడవకూడదు. అశ్రద్ధ చేస్తే తల్లీ దక్కదు, బిడ్డా దక్కదు."

ఆ ఇంగ్లీషు ముక్కే చెప్పినా బాగుండేదేమో. బీపీ, షుగరు, థైరాయిడ్ లక్ష్మీదేవమ్మకు బాగా తెలిసినవే, ఇంటింటికీ ఉన్నవే. ఈ రుగ్మత మాత్రం బుద్ధెరిగిన తర్వాత విన్నది కాదు. విననిదంటే చిన్నదై ఉండదని ఆమె గుండె దడదడలాడింది.

ఊళ్ళో దిగేసరికి ఆ దడలో కాస్త గొప్ప కూడా కలిసింది. "మా కోడలికి రోగం కాదమ్మా, రుగ్మత" అని అడిగినవాళ్ళకూ అడగనివాళ్ళకూ చెప్పింది. కలుపు తీయడానికి వచ్చే కరుణమ్మ నోరు తెరిచింది.

"ఏ మతమంటివి అత్తా?"

"మతం కాదే, రుగ్మత."

"అదే అడుగుతున్నా. మా పాస్టరయ్యకు కూడా తెలవకుండా ఏ మతంలో కలిసింది పిల్ల?"

"నీ మొగం మండ. ఒంట్లోకి వచ్చేది అది."

ఒంట్లోకి వచ్చే మతం అనేసరికి కరుణమ్మకు నిజంగానే భయమేసింది. ఆదివారం చర్చిలో స్రవంతి పేరు చెప్పి ప్రార్థన చేయిస్తానంది, చేయించింది కూడా.

ఇంట్లో మాత్రం ఆ మాట మంత్రం వేసినట్టు పనిచేసింది. లక్ష్మీదేవమ్మే గేదెను పిండేది, బిడ్డకు నీళ్ళు పోసేది, వేడివేడిగా వండి కోడలి చేతికి పళ్ళెం ఇచ్చేది. వాకిట్లో ఎవరైనా గొంతు పెంచితే "లోపల రుగ్మత ఉండాది, మెల్లగా మాట్లాడండి" అని కసిరేది. స్రవంతి కంటినిండా నిద్రపోయింది. కొన్నాళ్ళకు బిడ్డ ఏడిస్తే ఎవరూ చెప్పకుండానే లేచి ఎత్తుకుంది.

మళ్ళీ చూపించుకోవడానికి మార్కాపురం వెళ్ళినప్పుడు, స్రవంతిని చూడటం అయ్యాక లక్ష్మీదేవమ్మ ఒక్కతే డాక్టరు గదిలో ఆగింది.

"అమ్మా, ఇంత చేసినా గదా, అసలు ఈ రుగ్మత అంటే ఏంది?"

"రోగమే అమ్మా" అంది సుప్రియ నవ్వి. "రోగమన్నా రుగ్మతన్నా ఒకటే. రాతలో అట్లా రాస్తాం, అంతే."

లక్ష్మీదేవమ్మకు ఒళ్ళు మండింది. రోగానికా తను ఇన్నాళ్ళూ పళ్ళెం అందించింది! ఇంటికి పోయినాక చెప్తానని మాటలన్నీ నాలుక చివరికి వచ్చేశాయి. గది తలుపు సందులోంచి చూస్తే స్రవంతి బెంచీ మీద కూర్చుని బిడ్డకు చెంగు అడ్డం పెట్టి, తీసి, ఆడిస్తోంది.

"మీ ఇంట్లో ఇంతకుముందు ఎవరికైనా ఇలా వచ్చిందా?" సుప్రియ అడిగింది.

లేదని చెప్పబోయి లక్ష్మీదేవమ్మ ఆగింది. కళ్ళల్లో నీళ్ళు ఎందుకు వచ్చాయో ఆమెకు తెలియలేదు.

"నాకే వచ్చింది. మహేష్ పుట్టినప్పుడు. బిడ్డ మొగం చూడబుద్ధి అయ్యేది కాదు. మా అత్త ఏం రోగమని రెక్క పట్టి లేపి శనగ చేనికి తోలింది."

"మరెట్లా తగ్గింది?"

"తగ్గిందా అని ఎవురూ అడగలేదమ్మా."

సుప్రియ మంచినీళ్ళ గ్లాసు ఆమె ముందుకు జరిపింది. లక్ష్మీదేవమ్మ నీళ్ళు తాగి, మూతి తుడుచుకుని లేచింది. తలుపు దాకా పోయి వెనక్కి తిరిగి, బయటికి వినపడకుండా అంది.

"మావాళ్ళు అడిగితే రుగ్మతనే చెప్పు తల్లీ. రోగమనే మాట ఇంట్లోకి వస్తే, మా అత్త మాదిరి ఆ పిల్లను నేనే రెక్క పట్టి లేపుతా. నా నోరు నాకు తెలుసు."