అందరికీ సరిపోయే కోటు

రసూల్‌గఢ్‌లోని టీవీ చానల్ ఆఫీసులో అందరూ చూస్తుండగానే ఇతిశ్రీ ఒంటిమీది కోటు విప్పించాడు ఎడిటర్ మహాపాత్ర. కెమెరావాళ్లతో కలిసి జీతం పెంచమని అడగడమే ఆ యాంకర్ చేసిన నేరం.

రిపోర్టర్ స్నిగ్ధ కడుపు చల్లబడింది. ఎండల్లో, తుఫాన్లలో మైకు పట్టుకుని ఏళ్లతరబడి తిరిగింది తను. నిన్నగాక మొన్న వచ్చి ఏసీలో కూర్చున్నది ఇది! జీతం కూడా రెట్టింపని మహాపాత్రే చెవిలో వేశాడు. ఆ కుళ్లుతోనే స్నిగ్ధ కెమెరావాళ్ల మీటింగులకు మొహం చాటేసింది.

"పద, బులెటిన్ నువ్వు చదువు," అన్నాడు మహాపాత్ర.

"జీతం?"

"ఇప్పుడున్నదే. బేరాలాడేట్టయితే గేటు దగ్గరకెళ్లి చూడు, ఈ ఉద్యోగం కోసం ఎంతమంది నిలబడ్డారో."

కూలీల అడ్డా మీద మేస్త్రీ చెప్పేదీ ఈ మాటే.

కోటు ఇంకా ఇతిశ్రీ చెమటతో తడిగానే ఉంది. మేకప్ గదిలో దాన్ని స్నిగ్ధకు తొడిగి వెనకవైపు గుడ్డ మడిచి క్లిప్పులు పెట్టారు. ఏ యాంకర్ వచ్చినా ఇదే కోటు, ఇవే క్లిప్పులు. ఎవరి కొలతలూ ఎవరూ తీసుకోలేదు. స్నిగ్ధకు ఒళ్లు మండింది.

సంచి సర్దుకుంటున్న ఇతిశ్రీని నిలదీసింది. "నిజం చెప్పు, నీకెంతిస్తున్నారే?"

ఇతిశ్రీ చెప్పిన జీతం స్నిగ్ధ జీతం కన్నా తక్కువ.

"టీవీలో మొహం కనబడితే చాలని ఊరకే చేసేవాళ్లు బోలెడుమంది ఉన్నారన్నాడు, అక్కా. నీకు మాత్రం రెట్టింపన్నాడు. నిన్ను చూస్తే ఏడుపొచ్చేది నాకు."

"నన్ను చూసా!"

బులెటిన్ చదివేది లేదని ఇద్దరూ కిందికి దిగారు. గేటు బయట వరస రోడ్డుదాకా సాగింది.

"ఎవరూ పైకెళ్లకండి. ఇవాళ్టినుంచి మేం సమ్మెలో ఉన్నాం," అంది స్నిగ్ధ.

ముందు నిలబడ్డ బర్షా అనే అమ్మాయి కొరికేసేలా చూసింది. "నీకేం తల్లీ, కోటేసుకుని ఎన్నయినా చెప్తావ్. అదిలా ఇయ్యి, నేనూ సమ్మె చేస్తా!"

ఆ చూపు స్నిగ్ధకు తెలుసు. ఇందాకటిదాకా తన కళ్లలో ఉన్నదే. కోటు విప్పి బర్షా చేతిలో పెట్టింది.

"వేసుకో. రేపు నీకంటే తక్కువకి చేస్తానని ఇంకొకతె వస్తుంది. వాడికి నువ్వూ అక్కర్లేదు, నేనూ అక్కర్లేదు. మనం ఒకరి వెనక ఒకరం నిలబడి కుళ్లుకుంటుంటే చాలు."

"మరి ఇల్లెట్లా గడుస్తుంది?" వెనకనుంచి ఎవరో అరిచారు.

"మాకు మాత్రం గడుస్తోందా?" అంది ఇతిశ్రీ.

గొడవ రేగింది. కొందరు తిట్టారు, ఇద్దరు వెళ్లిపోయారు. బర్షా కోటు తిరగేసి క్లిప్పులు చూసింది. తర్వాత అక్కడే నేలమీద చతికిలబడింది. ఆమె వెనక ఒక్కొక్కరే కూర్చున్నారు. కెమెరావాళ్లూ దిగివచ్చి వాళ్ల మధ్య కూర్చున్నారు.

బులెటిన్ వేళ అయింది. మహాపాత్ర పరుగున వచ్చాడు. "ఎవరు ముందు? రండి, రండి!"

ఎవరూ లేవలేదు.

"జీతమెంతో ఇక్కడే చెప్పండి సార్," అంది బర్షా. "గట్టిగా చెప్పండి. ఆ చివరున్నవాళ్లకి కూడా వినపడాలి."