ఎనిమిది కిలోలు తగ్గి రా

బండోడికి ఏదో పెద్ద జబ్బే పట్టుకుందని పై అంతస్తు ఆవిడ మందుల షాపు అతనితో అందట. అతను ఊరుకుంటాడా? తలనొప్పి మాత్రకని వెళ్లిన బండోడి పెళ్లాం చెవిలోనే వేశాడు. "బుగ్గలు లోపలికి పోయాయి, కళ్లు గుంటల్లో పడ్డాయి. నిన్న మెట్ల మధ్యలో నిలబడిపోయి, నేను పైకి వెళ్తున్నానా కిందికి దిగుతున్నానా అని నన్నే అడిగాడు. పాపం, ఆ పిల్ల గతి ఏమవుతుందో!" అందట ఆవిడ. ఆ పిల్ల మాత్ర పుచ్చుకుని, చిల్లర కూడా అడగకుండా వచ్చేసింది.

జబ్బూ గిబ్బూ ఏమీ లేదు. బండోడు బాడీబిల్డరు. సాయంత్రంపూట సరదాకి బరువులెత్తే రకం కాదు, కుర్రతనం నుంచీ అదే బతుకు. పోటీ దగ్గరపడితే అందరూ ఎండుతారు, వాడూ ఎండుతాడు. ఉప్పు మానేసి, నీళ్లు కూడా గుక్క గుక్కగా కొలుచుకు తాగి, చర్మం కింద కండ తప్ప ఇంకేమీ మిగలకుండా చేసుకుంటారు. అయితే ఈసారి వాడు ఎండిన తీరు వేరు.

పోయిన ఏడాది బండోడికి ఆరో స్థానం వచ్చింది. మొదటి ఐదుగురినే పెద్ద పోటీలకి పిలుస్తారు. ఒక్క మెట్టులో తప్పిపోయింది. ఆ సాయంత్రం హాలు బయట వరండాలో పెద్ద జడ్జి ఎదురుపడితే, ట్రాక్‌సూటు జిప్పు గొంతుదాకా లాక్కుని, చేతులు కట్టుకుని వెళ్లి అడిగాడు. "సర్, నాలో ఏం తక్కువైంది?"

పెద్ద జడ్జి తలెత్తి చూశాడు. "తక్కువ కాదయ్యా, ఎక్కువైంది. నడుం మందం. ఎనిమిది కిలోలు తగ్గి రా, చూద్దాం" అని నడిచిపోయాడు.

బండోడికి నలభై దాటింది. ఇంకొక్కసారి తప్పిపోతే మళ్లీ పిలిచేవాడుండడు. అందుకని ఆ మాటని పట్టుకుని ఏడాదంతా వేలాడాడు. నడుం మందం ఎక్కడుందో వాడికి మాత్రం దొరకలేదు. చేత్తో తడిమి చూసుకున్నాడు, పెళ్లాం చేత తడిమించాడు. "ఇక్కడా? ఇక్కడా?" అని ఆమె అడుగుతుంటే, "నన్నడుగుతావేంటి, నేను వెనక్కి చూడగలనా?" అని విసుక్కున్నాడు. జిమ్ము నడిపే మాస్టారు వాడికి మొదటి నుంచీ గురువు. ఆయన కూడా కాసేపు గడ్డం గోక్కుని, "పెద్దాయన అన్నాడంటే ఏదో ఉండే ఉంటుంది. తగ్గుదాంరా బండా" అన్నాడు.

తగ్గడం మొదలెట్టాక, నడుమొక్కటే తగ్గు అంటే ఒళ్లు వింటుందా? ఇరవై ఏళ్లు ఇటుక మీద ఇటుక పేర్చినట్టు పెంచిన వీపు ముందు కరిగింది. తర్వాత భుజాలు. బాత్రూం అద్దంలో చూసుకుంటే ఇంకా లావుగానే అనిపించేది. జిమ్ములో నిలువుటద్దం ముందుకెళ్తే ఎవరో అరువిచ్చిన ఒంట్లో దూరినట్టుండేది. రెండు అద్దాల్లో ఏది అబద్ధమాడుతోందో వాడికి తేలలేదు.

పెళ్లాం బేకరీలో పని చేస్తుంది. ఇంటికి రాగానే తలస్నానం చేసి గాని మొగుడి పక్కకి రాదు. ఒంటిమీద కేకు వాసన ఉంటే ఆ మనిషి దిండు కొరుక్కుంటాడని.

"ఎలా ఉన్నానే?" అని అడిగాడు ఒకరోజు.

"బాగున్నారు."

"బాగున్నానంటే? పెద్దగానా, చిన్నగానా?"

"మీకెలా ఉండాలనుంది?"

"అది తెలిస్తే నిన్నెందుకు అడుగుతాను?"

ఆమె తల తుడుచుకుంటూ అవతలి గదిలోకి వెళ్లిపోయింది.

పోటీ రోజు పొద్దున్నే, స్టేజి లైట్లకి కండలు తేలేలా, ఆమే గోడలకి రంగేసే రోలరు లాంటి దానితో వాడి ఒంటికి గోధుమరంగు పూసింది. వీపు మీద రోలరు ఇదివరకటంతసేపు నడవలేదు. నాలుగు లాగులకే అయిపోయింది. ఆమె మిగిలిపోయిన రంగు డబ్బాకి మూత బిగించింది. 

స్టేజి మీద లైట్ల కింద నవ్వు బిగించి నిలబడితే తొమ్మిదో స్థానం వచ్చింది.

రంగు కడుక్కోకుండానే పైన చొక్కా తగిలించుకుని పెద్ద జడ్జి కోసం వెతికాడు. ఆయన టీ మిషను దగ్గర కప్పు పట్టుకుని ఉన్నాడు. మాస్టారూ, పెళ్లామూ వెనకాలే వచ్చారు.

"సర్, మీరన్నట్టే తగ్గాను. ఇప్పుడేమైంది?"

"ఎవరయ్యా నువ్వు?"

బండోడు పోటీలో తన నంబరు చెప్పాడు. ఆయనకి తట్టలేదు. వాడు చొక్కా ఎత్తి వెనక్కి తిరిగాడు. అంతే, ఆయన కప్పు కింద పెట్టేశాడు.

"ఓర్నీ, నువ్వా! ఈ వీపు నాకు తెలుసు. పోయిన ఏడాది దీన్ని చూసి పక్క జడ్జికి కూడా చూపించాను. సగం ఏం చేశావయ్యా?"

"మీరే కదా సర్ తగ్గమన్నది. వరండాలో."

"నిన్నా? ఈ వీపుని తగ్గమనడానికి నాకేమన్నా పిచ్చా?" ఆయన బండోడి మొహంలోకి పరకాయించి చూశాడు, గుండు చూశాడు. "ఆగు. నీలాగే గుండువాడు ఇంకొకడు ఉండేవాడు, నడుం మందం వాడిదే. వాడనుకుని చెప్పానేమో. బట్టలేసుకుని వస్తే నాకెలా తెలుస్తుందయ్యా? మెడ కింద చూపిస్తే ఎవడినైనా పోల్చుకుంటాను. మొహాలు నాకు గుర్తుండవు." ఆయన మంచివాడే. నిజంగానే నొచ్చుకున్నాడు. టీ తాగుతావా అని కూడా అడిగాడు.

తాగాలో వద్దో బండోడికి తెలియలేదు. తల ఊపాడు. ఆ ఊపుడు ఎటువైపో ఆయనకీ అర్థం కాక, కప్పు పట్టుకుని వెళ్లిపోయాడు.

తిరుగు దారిలో మాస్టారు వ్యాను నడుపుతున్నాడు. సీటుకి రంగంటకుండా కింద పాత దుప్పటి పరిచారు. పెళ్లాం బేకరీ నుంచి తెచ్చిన బన్ను చేతిలో పెట్టింది. ఏడాదిగా కలలోకొచ్చిన బన్ను. బండోడు దాన్ని అటూ ఇటూ తిప్పి చూస్తున్నాడు. మరి ఆ గుండువాడికి ఎవరు ఏం చెప్పి ఉంటారు? తనకి చెప్పాల్సింది వాడికి చెప్పారా? వాడు ఏడాదంతా కడుపునిండా తిన్నాడా?

"మాస్టారూ, ఇప్పుడు మళ్లీ పెంచాలా? ఇలాగే ఉండాలా?"

"నలభై దాటాక పోయిన కండ ఎక్కడ తిరిగొస్తుందిరా? పిలుపుల సంగతి ఇక మర్చిపో."

వ్యాను సిగ్నలు దగ్గర ఆగింది. పెళ్లాం ఉండబట్టలేక ముందుకి వంగింది. "రోజూ మీ కళ్లముందే కదా మాస్టారూ! ఆ వీపు కరిగిపోతుంటే మీకు కనబడలేదా?"

"కనబడకేమమ్మా, నీకు మాత్రం కనబడలేదా?" అన్నాడు మాస్టారు.