మిర్గం నాటి డబ్బా చేప

సీలు వేసిన డబ్బాకు వాసన రాదని నల్లగొండ సూపర్ మార్కెట్లో పనిచేసే అమ్మాయి నాకు మూడుసార్లు చెప్పింది. నాకు మాత్రం వచ్చింది. డబ్బాను ముక్కు దగ్గర పెట్టుకున్నాను. చెవి దగ్గర ఊపాను. మళ్ళీ ముక్కు దగ్గరికే తెచ్చాను.

"అక్కా, అది రేకు డబ్బా. ఏం వాసనొస్తది?" అంది ఆ అమ్మాయి నవ్వాపుకుంటూ.

"శాప వాసన. నీకు తెల్వదులే. చెర్వు అవుతల వండినా నాకు తెలుస్తది."

అరలో మూడు రకాలున్నాయి. ఒకటి ఉప్పునీళ్ళలో వేసింది, ఒకటి నూనెలో వేసింది, ఇంకొకటి మిరపకాయలతో ఊరేసింది. ఇది సముద్రపు చేప, ట్యూనా అంటారు, పొలుసుండదు, ముల్లుండదు, జిమ్ముకు పోయేవాళ్ళు కొంటారు అని ఆ అమ్మాయి ఓపిగ్గా వివరించింది.

"అయితె వీటిల్ల అన్నిటికంటె తక్కువ శాప లెక్కుండేది ఏది?" అని అడిగాను.

పాపం, ఆ అమ్మాయి మూడు రకాలనూ తిప్పి తిప్పి చూసింది. చేప కొనడానికి వచ్చి, అది చేపలా ఉండకూడదన్న మనిషిని అప్పటిదాకా చూసి ఉండదు. చివరికి రకానికి రెండు చొప్పున ఆరు డబ్బాలు సంచిలో వేసుకున్నాను.

చేపంటే నాకు చిన్నప్పటి నుంచీ పడదు. నేను పుట్టింది మర్రిగూడ వైపు. అక్కడ తాగే నీళ్ళకే తిప్పలు, ఇంక చేపలెక్కడివి? పదకొండేళ్ళ కింద రామన్నపేటలో గొర్రెలు కాసే ఇంటికి కోడలిగా వచ్చాను. మాంసం ఎంతైనా వండుతాను, తలకాయ కాల్చమన్నా కాలుస్తాను. చేప దగ్గరికి వస్తే మాత్రం కడుపులో పేగులు గొంతులోకి వస్తాయి.

ఇక్కడ మిర్గం నాడు, అంటే మృగశిర కార్తె మొదటి రోజున, ప్రతి ఇంట్లో చేప ఉడకాలి. వానలు మొదలయ్యే పూట ఒంట్లో వేడి ఉండాలని. తినలేనివాళ్ళు ఇంగువ కలిపిన బెల్లం మింగాలి. నేను కొత్తకోడలిగా ఉన్న ఏడాది మిర్గం రోజు పొయ్యి మీద చేపల పులుసు మరిగింది. నేను పెరట్లోకి పరుగెత్తి కక్కుకున్నాను. తిట్లు పడతాయనుకున్నాను. అత్త సోమమ్మ వెనకే వచ్చి వీపు రాసింది. ఇంగువ బెల్లం ఉండ చేసి తన చేత్తోనే నా నోట్లో పెట్టింది.

"నాగ్గూడ శాపలు పడయి బిడ్డా. ఈ యేటి సంది మనిద్దరం ఇదే తిందాం," అంది.

అప్పటి నుంచి మా ఇంట్లోకి చేప రాలేదు. మా ఆయన పరశురాములు స్నేహితుల ఇళ్ళలో తిని, సబ్బుతో చేతులు కడుక్కుని వచ్చేవాడు. ప్రతి మిర్గానికీ అత్త రెండే రెండు ఉండలు చేసేది. ఒకటి ఆమెకు, ఒకటి నాకు. నా ఉండ నా చేతికి ఇచ్చేది కాదు, నోట్లోనే పెట్టేది. మా అమ్మ కూడా నాకు అంత గారాబంగా తినిపించలేదు.

నాకు అసూయ ఎక్కువని మా ఆయన అంటాడు. నిజమే, దాచుకోవడానికి ఏముంది? మా మరిది సైదులు హాలియాలో రైసుమిల్లులో పనిచేస్తాడు. రెండేళ్ళ కింద అక్కడి అమ్మాయి ప్రణీతను చేసుకున్నాడు. మొన్న చలికాలంలో అందరం వాళ్ళింటికి పోయాం. కాలువ నీళ్ళ ఊరు కదా, ఆమె కొర్రమట్ట చేపల పులుసు పెట్టింది. నేను పెరుగన్నం పట్టుకుని వాకిట్లో కూర్చున్నాను. లోపల మా అత్త మూడు ముక్కలు తిన్నది. ఆ తర్వాత తలకాయ జుర్రింది. ఆ చప్పుడు నాకు వాకిట్లోకి వినబడింది.

"ఎన్నేండ్లాయె బిడ్డా, గిసొంటి పులుసు తిని," అంటున్నది.

చేపలు పడవని నాతో చెప్పిన మనిషి! అదొక దెబ్బ. ప్రణీతను 'బిడ్డా' అనడం రెండో దెబ్బ. ఆ మాట నాది.

మేం రామన్నపేట తిరిగొచ్చాక రోజూ సాయంత్రం ప్రణీత అత్తకు ఫోన్ చేసేది. "తిన్నవా అత్తమ్మా? మోకాళ్ళు ఎట్లున్నయి?" ఆ మోకాళ్ళకు రోజూ నూనె రాసేది నేను, అడిగి మంచి అనిపించుకునేది ఆమె. ఫోన్ పెట్టేసేదాకా నేను అక్కడే, ఊడ్చిన చోటే మళ్ళీ ఊడ్చేదాన్ని. ఎండాకాలంలో సైదులు వచ్చి అమ్మను హాలియా తీసుకుపోతానన్నాడు. ప్రణీతకు బట్టల దుకాణంలో పని దొరికిందట, ఇంట్లో పెద్దదిక్కు ఉంటే బాగుంటుందట.

"మిర్గం ఎల్లనియ్యి, చెప్త," అంది అత్త.

వద్దని అనలేదు. ఆమె పోతే ఇల్లు ఇల్లులా ఉండదు. పొద్దున లేచి నేను ఎవరితో పోట్లాడాలి? నాకు ఒకటే తోచింది. ఆమెను లాగుతున్నది చేపల పులుసే. మిర్గం నాటికి నేనూ చేప తినడం నేర్చుకుంటే, వండడం నేర్చుకుంటే, ఇంక హాలియాలో ఏముంది? నిజం చేపను తెచ్చే ధైర్యం లేదు, దానికి కళ్ళుంటాయి. అందుకే డబ్బాలు.

అత్త పొద్దున మంద దగ్గరికి పోయినప్పుడల్లా తలుపు గడియపెట్టి నేర్చుకున్నాను. మొదటిది ఉప్పునీళ్ళ డబ్బా. చేపను రాళ్ళ ఉప్పు, పసుపు వేసి నీసు పోయేదాకా రుద్ది కడగాలని విన్నాను కదా, అట్లాగే రుద్దాను. అది అప్పటికే ఉడికిన చేపని నాకేం తెలుసు? మూడో నీళ్ళకు గిన్నెలో ఏమీ మిగల్లేదు, మొత్తం మోరీలో కలిసింది. నూనె డబ్బాను మాంసం లెక్క అల్లంవెల్లుల్లి వేసి కుక్కర్లో నాలుగు కూతలు పెట్టించాను. వాసనకు సాంబ్రాణి పొగ వేయాల్సి వచ్చింది. మిరపకాయల డబ్బా ఒక్కటే కాస్త నయం. ఉల్లిగడ్డ, నిమ్మరసం కలిపి, జొన్నరొట్టెలో చుట్టి, ముక్కు మూసుకుంటే ఒక బుక్క దిగింది. రెండో బుక్కకు కళ్ళ వెంట నీళ్ళు కారాయి. ప్రణీత మొహం గుర్తు తెచ్చుకుని మూడోది మింగాను. అసూయ మనిషితో ఏమైనా తినిపిస్తుంది.

అట్లా ఆరు డబ్బాలూ అయిపోయాయి. మిర్గానికని ఇంకో రెండు మిరపకాయలవి తెప్పించి దాచాను. ఖాళీ డబ్బాలు పారేస్తే అయిపోయేది. గట్టి డబ్బాలు, విత్తనాలు పోసుకోవడానికి పనికొస్తాయని పారేయడానికి చేయి రాలేదు. కడిగి కొట్టంలో తవుడు బస్తాల వెనక పెట్టాను.

మిర్గం ఇంకో నాలుగు రోజులుందనగా అత్త తవుడు తెస్తానని కొట్టంలోకి పోయి, ఖాళీ గంపతో వచ్చింది. ఏమైందంటే ఏం లేదంది. ఆ రాత్రి మోకాళ్ళకు నూనె రాస్తానంటే వద్దంది. ఇది ప్రణీత ఫోన్ల మహిమే అనుకున్నాను. ఇంక ఆగలేక చెప్పేశాను.

"అత్తా, ఈ మిర్గానికి నేను గూడ శాపలు తింట."

"తిను. తినకేం," అంది. సంతోషిస్తుందనుకున్నాను. మొహం తిప్పుకుంది.

మిర్గం శనివారం పడింది. పొద్దున లేచేసరికి అత్త బట్టలు సంచిలో సర్దుకుంటున్నది. పదకొండింటికి సైదులు, ప్రణీత స్టీలు క్యారియర్‌తో దిగారు. కొర్రమట్ట పులుసు. నేను డబ్బా చేపను ఉల్లిగడ్డ, కొత్తిమీర వేసి వేయించి, మంచి గిన్నెలోకి తీసి పులుసు పక్కనే పెట్టాను. పులుసు కంటే ముందుకే జరిపాను.

అందరం కూర్చున్నాం. అత్త పులుసు వేసుకుంది. నా గిన్నె వైపు చూడనైనా లేదు. ప్రణీత మాత్రం ఉత్తన్నంలో పప్పు వేసుకుంది.

"నువ్వు తినవా?" అన్నాను.

"శనివారం ముట్టనక్కా, మొక్కున్నది. వాసన మీదనే ఉప్పు సూసి వండిన."

అప్పుడు అత్త పక్కనున్న చిన్న గిన్నె మూత తీసింది. అందులో ఒక్కటే ఇంగువ బెల్లం ఉండ ఉన్నది. పదకొండేళ్ళుగా నా నోరు తెలిసిన చెయ్యి అది. నాకు తెలియకుండానే నా నోరు కాస్త తెరుచుకుంది. ఆ చెయ్యి నన్ను దాటి పోయి ప్రణీత చేతిలో ఉండ పెట్టింది.

"నువ్వన్న తిను బిడ్డా. మిర్గం నాడు ఉత్తగ ఉండొద్దు."

నా ఒళ్ళంతా మండింది. "నాదేది అత్తా?" అన్నాను.

"నీకెందుకు? నువ్వు శాపలు తింటవు గద." ఆమె కంచం పక్కకు జరిపింది. "శాపంటె నాకు పానమే నాగరాణీ. మా తల్లిగారింట్ల వారానికి రెండుసార్లు తినేది. కొత్తకోడలివి, వాసనకే కక్కుకుంటివని, నీకోసం పదకొండేండ్లు నోరు కట్టుకున్న. పడయని అబద్ధమాడిన. నువ్వేమొ కొట్టంల డబ్బాలు దాసుకొని, నేను మంద కాడికి వోంగనే ఒక్కదానివే తింటున్నవ్. ఆరు డబ్బాలు. నా కండ్లతోని సూసిన. నాకు ఒక్క ముక్కన్న పెట్టబుద్ధి కాలేదా నీకు?"

"ఏందే, నిజమేనా?" అన్నాడు మా ఆయన, ముద్ద చేతిలోనే పట్టుకుని.

నాకు ఏడుపొచ్చింది. "నిజమే. నేర్సుకున్న. నువ్వు శాపల కోసం హాలియా పోతున్నవని నేర్సుకున్న. ఈమె పులుసుకు పడిపోయి నన్నిడిసిపెడుతున్నవని నేర్సుకున్న. నాకు కడుపు మండింది!"

"నేర్సుకునేతందుకు ఆరు డబ్బాలా?" అంది అత్త. నమ్మలేదు.

ఇంక మాటలతో కాదనుకున్నాను. నా గిన్నె దగ్గరికి లాక్కున్నాను. ఈసారి రొట్టె లేదు, ముక్కు మూసుకోలేదు. చేతి నిండా తీసుకుని నోట్లో పెట్టుకుని ఆమె కళ్ళలోకి చూస్తూ నమిలాను. రెండుసార్లు నమిలేసరికే కళ్ళు మూతలు పడ్డాయి. మూడోసారికి సైదులు తన కంచం వెనక్కి లాక్కున్నాడు. మింగాను. అది ఎంత వేగంగా పోయిందో అంతే వేగంగా తిరిగి బయలుదేరింది. లేచి పెరట్లోకి పరుగెత్తాను.

కొత్తకోడలిగా కక్కుకున్న చోటే, మళ్ళీ గోడ పట్టుకుని కక్కుకున్నాను. వెనక నుంచి ఒక చెయ్యి వచ్చి వీపు రాసింది.

"సచ్చినదానా, ఎవలు తినుమన్నరే నిన్ను?" అంది అత్త. ఆమె కూడా ఏడుస్తున్నది. "శాపలకోసం కాదే. నువ్వు నాకు సాటుగ తింటున్నవని పోదామనుకున్న."

అంత తియ్యటి తిట్టు నేను జన్మలో తినలేదు. చెంబుతో నీళ్ళిచ్చి నా మొహం కడిగింది. ప్రణీత కూడా పెరట్లోకి వచ్చి నిలబడింది. ఉండ ఇంకా ఆమె చేతిలోనే ఉన్నది.

"అక్కా, గిది నీదట గద. నాకు తెల్వది," అంటూ చెయ్యి చాచింది.

ఆమె మంచిదే. అది కూడా నాకు గిట్టదు.

"హాలియా పోవుడు?" అని అత్తనే అడిగాను.

"పోత. పది రోజులు. కడుపు నిండ శాపలు తినొస్త. అదన్న తిననియ్యవా?"

"పది రోజులంటె పదే. పదకొండో రోజు బస్సు దిగకుంటె నేనే వస్త."

"రా. డబ్బాలు తెచ్చుకో," అంది అత్త.

ప్రణీత చేతిలోంచి ఉండ తీసుకుని రెండుగా విరిచింది. ఒక ముక్క ఆమెకిచ్చింది. రెండోది నా నోట్లో పెట్టబోయింది. నేను ఆ చెయ్యిని పట్టుకుని ఆపాను, ముందు రెండు ముక్కలూ పక్కపక్కన పెట్టి చూశాను. నాదే పెద్దది. అప్పుడు నోరు తెరిచాను.