పొయ్యి ముందు బండ

పొద్దున్నే లేచి రాత్రి బూడిద కింద కప్పిపెట్టిన నిప్పుని ఊది లేపడం, దానిమీద కట్టెల్లా మండే ఎండిన నల్లమట్టి గడ్డలు పేర్చడం, కోళ్ళగూడు తలుపు తీయడం, ఆ తర్వాత పొయ్యి ముందు బండని తడిగుడ్డతో తుడవడం. ఊహ తెలిసినప్పటినుంచీ డీలియా మునెల్లీకి ఇదే వరస. అరవై దాటాక మోకాళ్ళు మొరాయిస్తున్నాయి కాబట్టి చీపురుకర్రకి గుడ్డ చుట్టి నిలబడే తుడుస్తోంది. ఈ ఒక్క మార్పు తప్ప ఆ ఇంట్లో మారిందేమీ లేదు.

బండ మామూలు బండే. మంచమంత వెడల్పు, మధ్యలో కాస్త అరిగింది. కిందన గుర్రం పుర్రె పాతిపెట్టి ఉంది. డబ్లిన్‌కి పడమర, మేయో తీరాన పాత ఇళ్ళలో అలాగే పాతేవారు, పైన చిందేసి ఆడితే మోత గట్టిగా వస్తుందని. కిల్‌బ్రాన్‌లో ఇంత బండ ఆ ఊళ్ళో ఇంకెవరింట్లోనూ లేదు గనక, ఎవరు అమెరికా వెళ్తున్నా ముందురోజు రాత్రి ఊరంతా ఇక్కడే చేరేది. వెళ్ళిన పిల్లలు మళ్ళీ రారని అందరికీ తెలుసు. అందుకే పోయినవాళ్ళకి చేసినట్టే, బతికున్నవాళ్ళకి జాగారం చేసేవారు. తెల్లవార్లూ తిని, తాగి, ఏడ్చి, ఆడేవారు. తెల్లారగట్ల ఊరివాళ్ళు పెరట్లోకి తప్పుకుంటే, ఆ వెళ్ళే పిల్లో పిల్లాడో ఇంటివాళ్ళతో బండమీద ఆఖరి ఆట ఆడి గుమ్మం దాటేవాళ్ళు.

ఆ ఆటలన్నీ బండలోనే ఉండిపోయాయి. వెళ్ళినవాళ్ళ మనవడో మునిమనవరాలో అమెరికానుంచి వచ్చి దానిమీద నిలబడితే, తమ మనిషి ఆనాడు ఆడిన ఆట కాళ్ళకింద టకటకా మోగేది. కిల్‌బ్రాన్‌లో దీన్ని ఎవరూ పెద్ద విశేషంగా చెప్పుకోరు. చర్చి పుస్తకాలు సగం ఎలకలు కొట్టేశాయి, మిగిలిన సగంలో అందరివీ అవే పేర్లు. కాబట్టి పూర్వీకుల్ని వెతుక్కుంటూ వచ్చినవాళ్ళకి కొట్టు దగ్గరే చెప్పేవాళ్ళు, "డీలియా ఇంటికెళ్ళి బండెక్కండి, తేలిపోతుంది" అని. దార్లో కుక్కుంది, చూసుకెళ్ళండి అన్నంత మామూలుగా చెప్పేవాళ్ళు.

వచ్చినవాళ్ళకి డీలియా టీ పోసేది, సోడా రొట్టె కోసి వెన్న రాసిచ్చేది. పక్కింటి ఫెస్టీ రడ్డీ మూల కుర్చీలో కూచుని, చెవి ఒగ్గి, "ఇది కాఫర్కీల ఆట. ఆ మడమ చూడండి ఎలా కొడుతోందో" అని తేల్చేవాడు. ఎనభై దాటినా ఆయన చెవులు బాగానే పనిచేస్తాయి. నోరు అంతకన్నా బాగా పనిచేస్తుంది. వచ్చినవాళ్ళు కళ్ళు తుడుచుకుని, డీలియాని వాటేసుకుని, తమవాళ్ళ మొండిగోడల దగ్గర ఫొటోలు దిగి వెళ్ళిపోయేవాళ్ళు.

డీలియా కోసం మాత్రం ఒక్కరూ రాలేదు. నానమ్మకి మేనత్త ఒకావిడ, పిల్లల్లేనిది, ఆవిడ తప్ప ఆమె మనుషులెవరూ వెళ్ళందే ఎవరొస్తారు? నానమ్మ హానర్ గాహన్ వెళ్ళబోయింది. అమెరికాలో ఉన్న ఆ మేనత్తే ఆమె పేరున ఓడ టిక్కెట్టు పంపింది. ఊరంతా వచ్చి విందు తిన్నది, హానర్ బండమీద ఆడింది కూడా. తీరా తెల్లారి చూస్తే నూతి దగ్గర నీళ్ళు తోడుతూ కనిపించింది. మైకేల్ మునెల్లీని వదిలి వెళ్ళలేకపోయిందట. మైకేల్ గాహన్ల ఇంటికే, అంటే ఈ ఇంటికే, ఇల్లరికం వచ్చాడు. ఊళ్ళోవాళ్ళు మాత్రం హానర్‌ని చచ్చేదాకా "విందు మింగి ఊరెళ్ళని మనిషి" అని ఏడిపించారు. వెళ్ళలేదు గనక ఆమె ఆట బండలో నిలవలేదని అందరూ అనుకున్నారు. డీలియా రోజుకి వందసార్లు తొక్కినా బండ కిక్కురుమనేది కాదు.

హానర్‌కి ఒక చెల్లెలుండేది, సబైనా. పుట్టుకతోనే ఆ పిల్లకి ఒక కాలు పొట్టి. అక్క విందు జరిగిన వారంలోనే స్కాట్లండుకి బంగాళాదుంపలు తవ్వే కూలికి వెళ్ళి, అయిపూ అజా లేకుండా పోయిందని ఇంట్లో చెప్పేవారు. ఎవరైనా ఆ పేరెత్తితే నానమ్మ లేచి, మండుతున్న పొయ్యిని ఊరికే కెలకడం మొదలుపెట్టేది. కొన్నాళ్ళకి అందరూ ఆ పేరెత్తడం మానేశారు.

డీలియా పెళ్ళి చేసుకోలేదు. ఉన్న ఒక్క తమ్ముడూ పోయాడు. పోయిన చలికాలం తను పెరట్లో మంచుమీద జారిపడి, ఫెస్టీ వచ్చి చూసేదాకా అక్కడే పడి ఉంది. అప్పుడే నిర్ణయించుకుంది, ఇల్లు అమ్మేసి పట్నంలో ముసలివాళ్ళకిచ్చే గదిలోకి పోదామని. డబ్లిన్ దంపతులెవరో వేసవి విడిదికి కొనుక్కుంటున్నారు. శుక్రవారం సంతకాలు. వాళ్ళు కొత్త చెక్కనేల వేయిస్తారట, బండ తీసి తోటలో పడేస్తారట. ఊళ్ళో అందరికీ మనసు కష్టంగానే ఉంది. కానీ రాత్రిపూట ఆ ఇంట్లో ఒక్కత్తే పడుకునేది ఆమె. ఉండిపొమ్మని ఏ ముఖం పెట్టుకుని అడుగుతారు?

గురువారం పొద్దున్న ఫెస్టీ గుమ్మంలోంచే కేకేశాడు. "అమ్మాయ్, నీకు ఆఖరి గిరాకీ వస్తోంది. లావుపాటావిడ, పచ్చ వానకోటు. కొట్టు దగ్గర బస్సు దిగింది."

"గిరాకీ ఏంటి బాబాయ్, నేనేమన్నా కొట్టు పెట్టానా?"

"పెట్టుంటే ఈపాటికి మేడ కట్టేదానివి. ఊరికే టీలు పోసి చెడిపోయావు. నాక్కూడా ఓ కప్పు పొయ్యి."

వచ్చినావిడ పేరు లొరేన్ మాజుర్, అమెరికానుంచి. స్క్రాంటన్‌లో స్కూలు బస్సు నడిపి రిటైరైంది. కోటు విప్పకముందే కాళ్ళకి మట్టైందని క్షమాపణ చెప్పుకుంది, కూచోకముందే వచ్చిన పని చెప్పేసింది.

"వసంతకాలంలో మా అమ్మ పోయిందండీ. పోయేముందు నా చెయ్యి పట్టుకుని, అక్కడ మనవాళ్ళెవరైనా మిగిలారేమో చూసిరావే అంది. మా అమ్మమ్మది ఈ ఊరే. హానర్ గాహన్."

ఫెస్టీకి టీ పొలమారింది. "ఆ పేరుతో ఇక్కణ్ణుంచి ఎవరూ వెళ్ళలేదమ్మా. హానర్ గాహన్ ఇదిగో, ఈవిడ నానమ్మ. ఈ పొయ్యి పక్కనే పోయింది. కావాలంటే సమాధి చూపిస్తా రా."

"కానీ ఓడ కాయితంలో కిల్‌బ్రాన్ అనే ఉందండీ."

"కాయితం అన్నాక ఏదో ఒకటి ఉంటుంది. అది రాసినవాడు ఈ ఊరొచ్చి చూశాడా?"

"ఎందుకు బాబాయ్ వాదన," అంది డీలియా. "మీరు బండెక్కండి. అదే చెబుతుంది."

"బూట్లు విప్పాలా?"

"అక్కర్లేదు. ఆడినవాళ్ళు కూడా మేకుల బూట్లతోనే ఆడారు."

లొరేన్ బండెక్కింది. ఎవరైనా నిలబడితే మిగతావాళ్ళు దానిమీద కాలు పెట్టకూడదని ఆనవాయితీ. డీలియా గోడ పక్కకి జరిగింది. బయట వాన పడుతోంది. బండ మోగలేదు. డీలియా ఇంకాస్త మధ్యకి జరగమంది, లొరేన్ జరిగింది. అయినా ఏమీ లేదు.

"మనవాళ్ళు కారు," అని తేల్చేశాడు ఫెస్టీ. "కొండవతల కూడా గాహన్‌లు ఉన్నారు. అక్కడ అడగమను. ఈ బండ ఎప్పుడూ తప్పు చెప్పలేదు."

లొరేన్ ముఖం చిన్నబోయింది. "పర్వాలేదండీ," అంది గాని దిగలేదు. "కాసేపు నిలబడొచ్చా? అంతదూరంనుంచి వచ్చాను కదా."

"నిలబడండి. ఎవరొద్దన్నారు?"

 చిన్నతనంలో ఇంట్లో ఎవరూ లేనప్పుడు డీలియా కూడా అలాగే ఆ బండమీద నిలబడేది. అందరి పిల్లలకీ మోగేది తనకెందుకు మోగదని, ఒక్కసారి, ఒక్క అడుగైనా వినిపించమని బతిమాలేది. ఇప్పుడు ఈ ముసలావిడ అదే చోట, అదే ముఖంతో నిలబడి ఉంది.  వేడిగా ఇంకో కప్పు టీ ఇవ్వడం ఒకటే డీలియాకి చేతనైన పని. కెటిల్ పొయ్యిమీద వేలాడుతోంది. మోగని బండకి ఇంక ఆనవాయితీ ఏమిటిలే అనుకుని, లొరేన్ పక్కనుంచి బండమీద అడుగేసి చెయ్యి చాచింది.

బండ మోగింది.

మొదట నెమ్మదిగా, తర్వాత జోరుగా, రెండు జతల కాళ్ళు. ఒక జత చక్కగా, వరసగా పడుతోంది. రెండోది ఒక దెబ్బ గట్టిగా, ఒక దెబ్బ మెత్తగా, మధ్యలో చిన్న ఈడ్పు. ఆ ఈడ్పుని కూడా ఆటలో కలిపేసుకుని, తాళం తప్పకుండా తిరుగుతోంది. ఇద్దరూ చేతులు పట్టుకుని ఆడే ఆట అది.

డీలియా బెదిరి కాలు తీసేసింది. చప్పుడు ఆగిపోయింది.

"ఎక్కు," అన్నాడు ఫెస్టీ. ఎక్కింది, మోగింది. "నువ్వు దిగమ్మా," అన్నాడు లొరేన్‌తో. దిగింది, ఆగింది. "ఇద్దరూ ఎక్కండి. ఎక్కి, కదలకుండా నిలబడి చావండి."

ఇద్దరూ చేతులు పట్టుకుని నిలబడ్డారు. ఆట చివరిదాకా నడిచింది.  ఆ తర్వాత రెండు కాళ్ళు బండ దిగి, ఇంటి నేలమీదుగా వీధి గుమ్మం వైపు నడిచాయి. ఒకటి గట్టిగా, ఒకటి మెత్తగా. తలుపు గొళ్ళెం చప్పుడైంది. బండమీద మిగిలిన కాళ్ళు మళ్ళీ ఆడటం మొదలుపెట్టాయి. పక్కన ఇంకా మనిషి ఉన్నట్టు బయటివాళ్ళకి వినబడాలని కాబోలు, రెట్టింపు మోతతో, ఒక్కత్తే, చాలాసేపు ఆడింది.

"వెళ్ళింది కుంటికాలు," అన్నాడు ఫెస్టీ.  "సబైనా."

లొరేన్ చటుక్కున తలెత్తింది. "అది మా అమ్మ పేరు."

"మీ అమ్మ పేరా?" అంది డీలియా.

"అమ్మమ్మే పెట్టింది. ఎవరి పేరని అడిగితే, చిన్నప్పుడు నాకు బాగా తెలిసిన పిల్ల పేరు అనేది. అమ్మమ్మ కుంటేది కూడా. న్యూయార్కు రేవులో డాక్టర్లు కుంటివాళ్ళని వెనక్కి పంపేస్తారని, ఎవరి పిల్లాడినో అరువడిగి చంకనేసుకుని వాళ్ళ ముందునుంచి నడిచానని చెప్పి నవ్వేది. చంకలో పిల్లాడున్నవాళ్ళు ఎవరైనా వంకరగానే నడుస్తారు కదా."

డీలియాకి అంతా అర్థమైంది. టిక్కెట్టు అక్క పేరున వచ్చింది. అక్కకి వెళ్ళాలని లేదు. చెల్లికి వెళ్ళాలనుంది, పిలిచేవాళ్ళు లేరు. అక్క తన పేరు ఇచ్చి పంపింది. సంగతి బయటపడితే చెల్లిని తిప్పి పంపేస్తారు గనక ఉత్తరం రాయకూడదు, పేరెత్తకూడదు. ఆ భయం ఎప్పుడో తీరిపోయినా నోళ్ళు మాత్రం తెరుచుకోలేదు. బతికున్న చెల్లిని పోయినదానిలా చూసుకుంటూ, ఊరి వెక్కిరింతలు పడుతూ నానమ్మ ఈ పొయ్యి ముందే ముసలిదైపోయింది. డీలియాకి ఆవిడమీద కోపం వచ్చింది, ఆ వెంటనే ఏడుపొచ్చింది. దాచుకోకుండా ఏడ్చింది. లొరేన్ కూడా ఏడ్చింది.

"మనవాళ్ళు కారన్నావుగా బాబాయ్," అంది డీలియా ముక్కు తుడుచుకుంటూ.

"ఆవిడ ఒక్కత్తీ నిలబడితే కాదన్నాను. నువ్వూ ఎక్కితే అన్నానా?" ఫెస్టీ గొంతు సవరించుకున్నాడు. "వాళ్ళమ్మా మీ నాన్నా అక్కచెల్లెళ్ళ బిడ్డలు. వాళ్ళమ్మ నీకు మేనత్త. ఈవిడ నీకంటే పెద్దదిలాగే ఉంది, కాబట్టి వదిన."

"పెద్దదాన్నే," అంది లొరేన్. "మేం ఏడుగురం, డీలియా. పిల్లలూ మనవలూ కలిస్తే మా ఇంట్లో పండక్కి కుర్చీలు చాలవు. నేను ఫోన్ చేసి చెబితే అందరూ మీద పడతారు నీకు. ఇప్పుడే చెబుతున్నా."

"పడనీ వదినా," అంది డీలియా. ఆ మాట అనడం ఆమెకి అదే మొదటిసారి. నోటికి కొత్తగా ఉంది, బాగుంది.

ఇల్లు అమ్మిపెట్టే ఆయన మధ్యాహ్నం ఫోన్ చేశాడు. రేపు పొద్దున్నే కారు పంపిస్తానన్నాడు.

"రేపు కుదరదండీ," అంది డీలియా. "చుట్టాలొచ్చారు."

"అయ్యో, దానికేం. వాళ్ళు వెళ్ళాకే పెట్టుకుందాం. ఎన్నాళ్ళుంటారు?"

డీలియా వెనక్కి తిరిగి చూసింది. లొరేన్ బూట్లు విప్పేసి, కుర్చీ బండమీదకి లాక్కుని, తడిసిన మేజోళ్ళు పొయ్యి దగ్గర ఆరబెట్టుకుంటోంది. రొట్టెకి ఇంకాస్త వెన్న పట్టించమని ఫెస్టీని దబాయిస్తోంది.

"అదెలా అడుగుతానండీ," అంది డీలియా. "ఇల్లు వాళ్ళది కూడాను."