'కిటికీ కన్ను'కు నోటీసు

నాకు కోపం ఎక్కువని కాజీపేటలో అందరికీ తెలుసు. ముప్పై ఏళ్లు తెలుగు టీచరుగా పనిచేసి రిటైరయ్యాను. నా చేత తిట్లు తినకుండా పదో తరగతి దాటిన పిల్ల మా బడిలో లేదు. కాబట్టి నేను విన్సెంట్ పేరెత్తి పళ్లు నూరుతుంటే ఎవరికీ ఆశ్చర్యం కలగలేదు.

విన్సెంట్ మా చర్చివాడే. పాతికేళ్ల కిందట హైదరాబాదులో ఒక సినిమా వారపత్రికకు 'కిటికీ' అనే శీర్షిక రాసేవాడు. ఏ హీరోయిన్ ఎవరి కారు దిగింది, ఎవరి కాపురం ఎన్నాళ్లు నిలుస్తుంది, ఇదే వాడి రాత, ఇదే వాడి తిండి. అలా బతికినవాడు ముసలితనంలో గొప్పవాడైపోయాడు. వాడి కథనే ఇప్పుడు టీవీ సీరియల్‌గా తీస్తున్నారు. పేరు 'కిటికీ కన్ను'. రోజూ సాయంత్రం ఏడున్నరకు వస్తుంది. కథ వాడిది, మాటలు వాడివి. అందులో సినిమావాళ్ల గుట్టు రాసే విలేఖరులు ముగ్గురుంటారు. ఆ ముగ్గురిలో అందగాడు, నిజాయితీపరుడు, అమ్మను దేవతలా చూసుకునేవాడు ఎవరో నేను చెప్పనక్కర్లేదు.

నలభయ్యో ఎపిసోడ్‌లో గ్లోరీ అనే పిల్ల వచ్చింది. వరంగల్ వైపు క్రైస్తవుల అమ్మాయి, చిన్న వేషాలు వేసుకుంటుంది, ఎడమ కనుబొమ్మ మీద మచ్చ ఉంటుంది. పెళ్లి కాకుండానే కడుపుతో ఉంటుంది. ఇంతవరకూ జరిగిందే. ఆ తర్వాత ఆ కడుపును అడ్డం పెట్టుకుని ఒక పెద్ద హీరోను బెదిరిస్తుంది. మన సత్యసంధుడు ఆమె బండారం బయటపెడతాడు. హీరో వాడికి రెండు చేతులెత్తి దండం పెడతాడు.

ఆ మచ్చ మా చెల్లెలు గ్రేస్‌ది.

గ్రేస్ నాకంటే పదకొండేళ్లు చిన్న. అమ్మ పోయాక నేనే పెంచాను. ఇరవై నాలుగేళ్ల వయసులో సినిమాల్లోకి వెళ్లింది. నాలుగు సినిమాల్లో హీరోయిన్ పక్కన నవ్వే పిల్లగా వేసింది. అయిదో దాంట్లో రెండో హీరోయిన్ వేషం వచ్చింది. కెమెరా దగ్గర అసిస్టెంటుగా పనిచేసే భాస్కర్‌ను పెళ్లి చేసుకోవాలనుకుంది. పెళ్లికి ముందే మూడో నెల వచ్చింది. ఆ సంగతి ముగ్గురికే తెలుసు. గ్రేస్‌కు, భాస్కర్‌కు, నాకు.

వారం తిరక్కుండా 'కిటికీ'లో వచ్చేసింది. పేరు ఒక్కటే వేయలేదు, మిగిలినవన్నీ వేశాడు. వేషం పోయింది. గ్రేస్ ఇంటికి వచ్చేసింది. అయిదో నెలలో కడుపు నిలవలేదు. నేను చెప్పను, తను చెప్పదు, ఇక చెప్పింది భాస్కరే అని ఇద్దరం అనుకున్నాం. అతను రెండుసార్లు కాజీపేట వచ్చాడు. తను చెప్పలేదని గేటు దగ్గర నిలబడి ప్రమాణాలు చేశాడు. గ్రేస్ లోపల గడియ పెట్టుకుని కూర్చుంది. రెండోసారి నేను కాలి చెప్పు తీశాను. ఆ తర్వాత రాలేదు.

అప్పటినుంచి మేమిద్దరమే ఉంటున్నాం. గ్రేస్ ముందు గదిలో మిషను పెట్టుకుని బ్లౌజులు కుడుతుంది. పాతికేళ్లు పట్టింది జనం ఆమెను మరచిపోయి బ్లౌజు కొలతలు ఇవ్వడానికి. గ్లోరీ తెర మీదికి వచ్చిన వారానికే అదంతా నీళ్లలో కలిసింది. ఎన్నడూ గుడ్డముక్క ఇవ్వనివాళ్లు కూడా ఊడిన హుక్కు పట్టుకుని వచ్చి, ఆమె కనుబొమ్మ చూసి పోయేవాళ్లు. నిప్పు లేనిదే పొగ రాదని ఒకావిడ మా గడపలో నిలబడి అన్నది. ఆమెను నేను ఏమన్నానో ఇక్కడ రాయను.

నేనే గ్రేస్ చేత సంతకం పెట్టించి, హనుమకొండలో వెంకట్రాజం అనే లాయరు ద్వారా టీవీవాళ్లకు నోటీసు పంపాను. సీరియల్ ఆపాలి, గ్లోరీ కథ అబద్ధమని తెర మీద చెప్పాలి. గ్రేస్ వద్దన్నది. కడుపు చించుకుంటే కాళ్ల మీద పడుతుంది, ఊరుకోమన్నది. నేను వినలేదు. చివరికి ఒక్కటే అడిగింది.

"వాడు దొరికితే, నా సంగతి వానికెవరు చెప్పిన్రో అడుగక్కా. నాకు అదొక్కటి తెలిస్తే చాలు."

టీవీవాళ్లు లాయరును పంపలేదు, విన్సెంట్‌నే పంపారు. శుక్రవారం పొద్దున వెంకట్రాజం ఆఫీసుకు వచ్చాడు. మనిషి బాగా ఒళ్లు చేశాడు, జుట్టుకు రంగు వేశాడు. వెంకట్రాజం మమ్మల్ని ఎదురెదురుగా కూర్చోబెట్టి, కోర్టులో పిలుపు వచ్చిందని వెళ్లిపోయాడు.

"వందనాలక్కా," అన్నాడు విన్సెంట్, ఆదివారం చర్చి మెట్ల మీద కలిసినట్టు.

నేను వందనాలు చెప్పలేదు. పాతికేళ్లుగా దాచుకున్నవన్నీ చెప్పాను. వాడు చక్కెర లేని టీ తాగుతూ విన్నాడు. మధ్యలో ఒకసారి ఫోను కూడా చూసుకున్నాడు. నా గొంతు ఎండిపోయాక, భాస్కర్ ఎంతకు అమ్మాడో చెప్పమని అడిగాను.

"భాస్కర్ ఎవరక్కా?" అన్నాడు.

నాటకమనుకున్నాను. కాదు. వాడికి నిజంగానే ఆ పేరు తెలియదు. ఫైలు తెరిచి తన పనితనం గురించి చెప్పడం మొదలుపెట్టాడు. కేసులు పడితే చూపించడానికి, రాసిన ప్రతి ముక్కకూ వెనక ఒక కాగితమో ఫోటోనో దాచిపెట్టేవాడట. సాక్ష్యం లేకుండా ఒక్క వాక్యం రాయలేదట. ప్లాస్టిక్ కవరులో ఉన్న ఒక చిన్న గీతల కాగితం తీసి బల్ల మీద నా వైపు తిప్పి పెట్టాడు.

చదవనక్కర్లేదు. ముప్పై ఏళ్లు బోర్డు మీద రాసిన నా చేతిరాతే, దూరం నుంచే గుర్తుపట్టాను.

మా చర్చిలో గురువారం స్త్రీల కూడిక ఉంటుంది. ఇంట్లో ఏదైనా కష్టముంటే చీటీ మీద రాసి, మడిచి, పళ్లెంలో వేస్తాం. పైకి చదవరు. కూడిక అయ్యాక తలా ఒక చీటీ తీసుకుని ఇంటికి వెళ్లి, వారమంతా దాని కోసం ప్రార్థిస్తారు. ఒకరి కష్టం ఇంకొక్కరికీ, దేవుడికీ తప్ప తెలియదు. అందుకే పాతికేళ్లలో ఒక్కసారి కూడా ఆ చీటీల మీదికి నా అనుమానం పోలేదు. నా చీటీ విన్సెంట్ వాళ్లమ్మ మార్తమ్మ చేతికి వచ్చింది. ఆ మహాతల్లి ఎవరికీ చెప్పలేదు, బైబిల్లో పెట్టుకుని ప్రార్థించింది. ఈస్టర్‌కు ఇంటికి వచ్చిన కొడుకు ఆ బైబిలు తెరిచాడు.

'హైదరాబాదులో సినిమాలలో నటించుచున్న మా చెల్లెలు గ్రేస్ వివాహము కాకమునుపే గర్భవతి అయినది. ఆమెకు మారుమనస్సు కలుగునట్లు ప్రార్థించుడి. ఇట్లు, దీనమ్మ.'

"నేను కిటికీల నుంచి చూసిన, అంతే," అన్నాడు విన్సెంట్. "కిటికీ తెరిచింది మీరక్కా."

ఆ తర్వాత బేరం పెట్టాడు. గ్రేస్ చేత సంతకం పెట్టించి సోమవారంలోగా నోటీసు వెనక్కి తీసుకుంటే ఈ చీటీ ఫైలులోనే ఉంటుంది. లేకపోతే వందో ఎపిసోడ్‌లో గ్లోరీకి ఒక అక్క వస్తుంది, టీచరమ్మ. చీటీ కోర్టుకు కూడా వస్తుంది. నోటీసు వెనక్కి తీసుకునే కాగితం టైపు చేయించే తెచ్చాడు. వాడిని చంపాలన్నంత కోపం వచ్చింది. కాని దొంగకు తేలు కుట్టినట్టు, కిక్కురుమనకుండా కాగితం మడిచి సంచిలో పెట్టుకున్నాను.

ఆటోలో కూర్చున్నాక, ప్రార్థన కోసం రాసింది చాడీ ఎలా అవుతుందని నాతో నేను వాదించాను. సగం దారి దాకా వాదన బాగానే నడిచింది. తర్వాత నిజం గుర్తుకొచ్చింది. ఆ నెలలోనే ఒక పత్రికలో గ్రేస్ ఫోటో అరపేజీ రంగుల్లో వచ్చింది. స్టాఫ్ రూములో, కూరగాయల దగ్గర, చర్చిలో అందరూ మీ చెల్లె, మీ చెల్లె అన్నారు. జీతమంతా ఆమెకు పోసి పెంచిన నన్ను, ఎట్లున్నవని ఒక్కరూ అడగలేదు. ఆమె ఫోను చేసి ఏడుస్తూ మూడో నెల సంగతి చెప్పినప్పుడు భయపడ్డాను, నిజమే. ఆ భయం వెనకే సంతోషం కూడా కలిగింది. ఆ సంతోషంతోనే చీటీ రాశాను.

నేను వెళ్లేసరికి గ్రేస్ ఒక పట్టు బ్లౌజుకు చేతులు అతుకుతోంది. మిషను పలక మీద కాగితం పెట్టి, కేసు వద్దు, లాయరు కూడా లాభం లేదంటున్నాడని అబద్ధం చెప్పాను. రెండు నెలలుగా వాడి అంతు చూస్తానని ఇల్లెగిరిపోయేలా అరిచిన మనిషి ఒక్క పూటలో చల్లారితే ఎవరికైనా అనుమానం వస్తుంది. ఆమెకు రాలేదు. నా మీద ఆమెకు ఏనాడూ అనుమానం రాలేదు.

"నాకు కేసు ఎన్నడు అక్కర్లేకుండె అక్కా. ఎవరు చెప్పిన్రో అది చెప్పు చాలు."

ఆమె నా మొహం చూసి తనే జవాబు చెప్పుకుంది.

"భాస్కరే గదా. తెల్సు నాకు. నువ్వు పరేషాన్ గాకు."

కాగితం దగ్గరికి లాక్కుని, సూదులడబ్బాలోంచి పెన్ను తీసి, సంతకం చేసే చోటు వెతుక్కుంది. నేను ఏమీ చెప్పనక్కర్లేదు. అబద్ధం కూడా ఆడనక్కర్లేదు. ఊరికే నిలబడితే చాలు. విన్సెంట్ నోరు మూతపడుతుంది, భాస్కర్ ఎప్పటిలాగే దొంగగా ఉండిపోతాడు, నేను ఎప్పటిలాగే అక్కగా ఉంటాను. ఆమె 'గ్రే' అని రాసింది.

"భాస్కర్ గాదు. నేను," అన్నాను.

ఎందుకన్నానో తెలియదు. మంచితనం వల్ల మాత్రం కాదు. నా నోరు బతుకంతా ఊరుకున్నది లేదు, ఆ పూట కూడా ఊరుకోలేదు.

చీటీ సంగతి, మార్తమ్మ సంగతి, విన్సెంట్ బెదిరింపు, అన్నీ చెప్పాను. గ్రేస్ అరవలేదు. చీటీలో ఏం రాశానో ఒక్క మాట కూడా పోకుండా చెప్పమన్నది. చెప్పాను. పిల్లలకు పద్యం అప్పజెప్పించినట్టు రెండోసారి చెప్పించింది.

"పేరెందుకు రాసినవ్?" అని అడిగింది.

"ప్రార్థనకు."

"దేవునికి నా పేరు తెల్వదా?"

తర్వాత భాస్కర్ ఎన్నిసార్లు వచ్చాడని అడిగింది. ఆమెకు తెలుసు, నా నోటితో వినాలని అడిగింది. రెండుసార్లని చెప్పాను. రెండోసారి నేనేం చేశానని అడిగింది. చెప్పు తీశానన్నాను. ఆమె తల ఆడించి, రాసిన 'గ్రే' మీద నాలుగు గీతలు గట్టిగా కొట్టింది. కాగితం చిరిగింది.

"సోమవారం పోయి కేసు వేద్దాం."

"చీటీ కోర్టుల పెడ్తడు గ్రేస్. టీవీల గూడ చూపిస్తడు."

"చూపియ్యని. ఇరవై అయిదేండ్లు నా పేరు అందరి నోట్లె నానింది. నీ పేరు గూడ జర నానని."

శని, ఆదివారాలు మా ఇంట్లో మిషను చప్పుడు తప్ప మరే చప్పుడూ లేదు. నేను వండాను. ఆమె నేను వండింది తినలేదు, వేరే గిన్నెలో తన మటుకు వండుకుంది. ఆదివారం చర్చికి నాకంటే పది నిమిషాలు ముందు వెళ్లి, వేరే వరుసలో కూర్చుంది.

సోమవారం ఇద్దరం ఒకే ఆటోలో హనుమకొండ వెళ్లాం. మధ్యలో ఆమె తన సంచి పెట్టింది. వెంకట్రాజం అంతా విని, ఇలాంటి కేసులో ఇంటివాళ్లే దెబ్బ తింటారు, వదిలేయడం మంచిదని నచ్చజెప్పాడు. గ్రేస్ ఒప్పుకోలేదు. చీటీ వాడు కోర్టులో పెట్టకముందే దాని సంగతి మనమే బయటపెడదాం, రాసిన మనిషే సాక్షిగా వచ్చి చెప్తుంది అన్నది. అడగకుండానే నన్ను సాక్షిని చేసింది. నేను సరేనన్నాను.

టైపిస్టు పూలమ్మ మిషను ముందు కూర్చుని వివరాలు అడుగుతూ కొడుతోంది. ఆమెకు మేమెవరమో తెలియదు. సాక్షి పేరు అడిగింది, దీనమ్మ అని చెప్పాను. వయసు, ఊరు, చేసిన ఉద్యోగం చెప్పాను. తర్వాత గ్రేస్ వైపు తిరిగింది.

"సాక్షి మీకు ఏమైతదమ్మా?"

"ఏం గాదు," అన్నది గ్రేస్.

వెంకట్రాజం ఫైల్లోంచి తలెత్తి నా వైపు చూశాడు. తప్పుగా రాస్తే కోర్టులో చెల్లదనో, ఇంకేదో చెప్పబోయాడు. పూలమ్మ వేళ్లు ఆపి, ఏం కొట్టమంటారని నన్నడిగింది. ఆమె చెప్పినట్టే కొట్టమన్నాను.